మా తోటికోడలి మీద ఒక మనవి

మా ఇంట్లో ఎవరికి ఎవరి మీద కోపం వచ్చినా సాయంత్రం ఏడున్నర దాకా ఆపుకునేవాళ్ళం. ఏడున్నరకి కుటుంబ ప్రార్థన. అప్పుడు కళ్ళు మూసుకుని దేవుడికి చెప్పేవాళ్ళం. కోపం ఎవరి మీదో వాళ్ళు రెండడుగుల దూరంలో కూర్చుని, వాళ్ళూ కళ్ళు మూసుకునే వినేవాళ్ళు.

మా మామగారు ఈ ఇంటికి రెండు నియమాలు పెట్టారు. రాత్రి అన్నానికి ముందు అందరూ హాల్లో చాప మీద కూర్చుని, చిన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరు ఒక్కో మనవి చెప్పాలి, ఇంటి పెద్ద ముగించాలి. ఇది మొదటిది. ఇంట్లో ఎవరూ ఎవరినీ మొహం మీద మాట అనకూడదు. ఇది రెండోది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఏళ్ళ తరబడి అమలులో ఉంటే ఏమవుతుందో ఆయన ఆలోచించినట్టు లేదు.

నేను కోడలిగా వచ్చిన మూడో సాయంత్రం మా అత్తగారు ప్రార్థన చేశారు. “ప్రేమగల తండ్రీ, కొత్తగా వచ్చిన బిడ్డకు పులుసులో చింతపండు ఎంత వెయ్యాలో నీవే నేర్పుము.” ఆ రోజు పులుసు పెట్టింది నేను. నాలుగో సాయంత్రం నా వంతు వచ్చినప్పుడు, “తండ్రీ, కొలత చెప్పకుండా గరిటె చేతికిచ్చేవారిని క్షమించుము” అన్నాను. ఒక కన్ను తెరిచి చూస్తే అత్తగారు కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నారు. మర్నాడు పొద్దున్నే చింతపండు నిమ్మకాయంత ఉండ చేసి నా చేతిలో పెట్టారు. మా ఇంట్లో దీన్ని ‘మీద మనవి పెట్టడం’ అంటారు.

నేను ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రాసిపెట్టుకోకపోతే నాకు తోచదు. ఎవరు ఏ తారీఖున ఏ మనవి చెప్పారో నోటుపుస్తకంలో రాసేదాన్ని. అది తీరితే పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, తీరిన తారీఖు వేసేదాన్ని. అలాంటి పుస్తకాలు ఏడు ఉన్నాయి. ఒక ఏడాది చివర కూర్చుని అన్నీ కూడి చూశాను. మొత్తం మనవులు నాలుగు వందల పన్నెండు. అందులో దేవుడు తప్ప ఇంకెవరూ తీర్చలేనివి తొంభై ఆరు. మిగిలిన మూడు వందల పదహారూ ఇంట్లోవాళ్ళు లేచి నాలుగడుగులు వేస్తే తీరేవి.

ఆ మూడు వందల పదహారులో సగానికి పైగా నావీ, మా తోటికోడలివీ. ఆమె మా మరిది భార్య. నాకన్నా నాలుగేళ్ళు వెనక ఈ ఇంటికి వచ్చింది. ఆమెకి ఒక అలవాటు ఉంది. డాబా మీది ట్యాంకు నింపడానికి మోటారు వేసి మరిచిపోతుంది. నీళ్ళు నిండి పొర్లి నా కిటికీ పైనున్న సన్‌షేడు మీద పడతాయి. మోటారు గురించి నేను పెట్టిన మనవులు ఏడు పుస్తకాల్లో కలిపి నూట ముప్పై ఒకటి. నాకూ ఒక అలవాటు ఉంది. పిండివంటలు చేసినప్పుడు లెక్కపెట్టి డబ్బాలో పోసి, ఎన్ని ఉన్నాయో మూత మీద కాగితం అంటిస్తాను. దాని మీద ఆమె మనవి ఇలా ఉండేది: “ప్రభువా, ఈ ఇంట్లో లెక్కపెట్టే వేళ్ళకు విశ్రాంతి దయచేయుము.” ఇది ఎనభై ఎనిమిది సార్లు. టిక్కు లేదు.

మా అత్తగారికి ఇప్పుడు తొంభైకి ఒకటి తక్కువ. చెవులు వినపడవు. ఆకలి వేసినప్పుడల్లా గట్టిగా “ఆమేన్” అంటారు. ఆవిడ ఆమేన్ అన్నాక ఎవరి మనవి అయినా మధ్యలో ఆగిపోవాల్సిందే. మా మరిది పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన ప్రార్థనకి చిరునామా ఉంటుంది. “రామచంద్రపురం బస్టాండు ఎదురుగా, మందుల షాపు పక్క సందులో, ఎడం చేతివైపు రెండో డాబా పై అంతస్తులో ఉంటున్న మా బావమరిదిని స్వస్థపరచుము తండ్రీ” అంటారు. దేవుడు ఇల్లు వెతుక్కోవలసిన పని ఉండదు.

ముగింపు మా ఆయన చేసేవారు. నిమిషం కూడా పట్టేది కాదు. “తండ్రీ, మేం చెప్పినవన్నీ విన్నావు. అక్కర్లేనివి వదిలెయ్యి. అన్నం చల్లారిపోతోంది. ఆమేన్.” అని లేచి, ముందు మోటారు స్విచ్చి దగ్గరికి వెళ్ళి చూసి, తర్వాత కంచం దగ్గరికి వచ్చేవారు.

ఆయన ఒక మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి, అమలాపురం ఆస్పత్రిలో పోయారు. ఇంటికి తెచ్చేసరికి ఆరూ ఇరవై. కుర్చీలు ఎనభై అద్దెకి తెప్పించారు. నాలుగో రోజున వెనక్కి డెబ్భై తొమ్మిదే వెళ్ళాయి. ఎనభయ్యోది ఇప్పటికీ మా పెరట్లో ఉంది. ఆ లెక్క నాకు తెలుసు. నేను ఏడ్చానో లేదో తెలియదు. ఏడ్చానని మా కోడలు అంటుంది, లేదని మా తోటికోడలు అంటుంది.

అయిదో సాయంత్రం మళ్ళీ చాప వేశారు. నా వంతు వచ్చింది. లోపల వెతికి చూశాను. ఏమీ లేదు. అడగవలసింది లేదు, ఎవరి మీదా కోపం లేదు. “ఆమేన్” అన్నాను. పక్కవాళ్ళు కాసేపు ఆగి, ఇంకేమీ రాకపోతే, తర్వాతి వంతుకి వెళ్ళారు. ఆరో సాయంత్రమూ అంతే. అలా పద్నాలుగు నెలలు.

పుస్తకం రాయడం మాత్రం మానలేదు. ఎవరు ఏది చెప్పినా రాసి తారీఖు వేశాను. మా తోటికోడలి మనవులు మారిపోయాయి. మొదట్లో “అక్కయ్యగారికి ఆదరణ దయచేయుము” అని నలభై సార్లు. తర్వాత “అక్కయ్యగారి నోరు తెరువుము” అని అరవై ఒక్కసారి. పదకొండో నెలలో అవీ ఆగిపోయాయి. అవి నా గురించే అని తెలుసు. బడిలో హాజరు వేసినట్టు వేశాను.

ఆ రోజుల్లో అన్నం తిన్నానంటే తిన్నాను. కూరలో ఏమున్నదీ తర్వాత అడిగితే చెప్పలేను. ఓసారి మధ్యాహ్నం నా గదిలో కూర్చుని ఉంటే సన్‌షేడు మీద నీళ్ళు పడుతున్నాయి. చాలాసేపు పడ్డాయి. కిటికీ ఊచల మీంచి లోపలికి వచ్చి గచ్చు మీద పారాయి. కాళ్ళు పైకి పెట్టుకున్నాను. అంతే.

పద్నాలుగో నెలలో, తొమ్మిదో తారీఖు సాయంత్రం ముగింపు ప్రార్థనలో మా మరిది గొంతు సవరించుకున్నారు. మా ఆయన పోయాక ముగింపు ఈయన వంతు అయింది.

“తండ్రీ, అమలాపురం తాలూకా, కాలవగట్టు మీద, పచ్చ గేటు గల ఈ ఇంట్లో, వెనకవైపు కొబ్బరికాయల కొట్టు గదిలో, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మేము వేరే పొయ్యి పెట్టుకొనుటకు...”

“ఆమేన్” అన్నారు అత్తగారు.

ఎనిమిది మందిమి కళ్ళు మూసుకునే ఉన్నాం. కాసేపటికి మా కోడలు లేచి కంచాలు వేసింది. నేను పుస్తకం తెచ్చి రాశాను: తొమ్మిదో తారీఖు, మరిది, వేరే పొయ్యి.

మూడు రోజులకి పొయ్యి వచ్చింది. మా మరిది కొడుకు ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు. సాయంత్రం వస్తూ వస్తూ ఆటోలో వేయించుకుని వచ్చి, పెట్టె విప్పకుండా వరండాలో పెట్టాడు.

“పెద్దమ్మా, దాని మీద కూచోకండి. పైన గాజండి” అన్నాడు.

“గాజు పొయ్యి ఎందుకురా?” అన్నారు అత్తగారు. ఆ ఒక్క మాటా ఎలా వినపడిందో.

“అమ్మకి మొహం కనపడ్డానికి” అన్నాడు వాడు. ఎవరూ నవ్వలేదు. వాడు లోపలికి వెళ్ళిపోయాడు.

కొట్టులో కొబ్బరికాయలు బయట పోశారు. గోడలకి సున్నం వేశారు. మా అబ్బాయీ, మరిది కొడుకూ వరండాలో నిలబడి, నాయనమ్మ మంచం పదిహేను రోజులు ఇటు, పదిహేను రోజులు అటు అని మాట్లాడుకున్నారు. మా మనవరాలు అయిదో తరగతి. దానికి ఒక్కదానికే సంతోషంగా ఉంది. “మామ్మా, అప్పుడు నేను రెండు వంటిళ్ళలోనూ తినొచ్చండి” అంది.

పద్నాలుగో తారీఖున మా కోడలు బీరకాయలు చెక్కు తీస్తూ నన్ను పిలిచింది. ఆమె కూడా టీచరే, ఆ రోజు సెలవు పెట్టింది.

“అత్తయ్యగారండీ, చిన్నత్తయ్యగారు ఎందుకు వేరే వెళ్తన్నారో తెల్సా మీకు?”

“వంటిల్లు ఇరుకు.”

“ఇరుకు ఇవాళ వచ్చిందేంటండీ? ఆవిడ మీద మీరు మనవి పెట్టి పద్నాలుగు నెలలైందంట. లెక్కపెట్టుకుంటన్నారావిడ.”

“దానికి లెక్కలు రావు” అన్నాను.

“ఈ లెక్క వచ్చిందండి.” కోడలు పీట నా వైపు తిప్పుకుంది. “మొన్న నా దగ్గర కూచుని ఏడ్చేరు. మోటారు మూడుసార్లు కావాలని వదిలేసేరంట. ‘అక్కయ్యగారి గదిలోకి నీళ్ళొచ్చినియ్యే అమ్మాయ్, కాళ్ళు పైకి పెట్టుకుని కూచున్నారు గానీ సాయంత్రం నా మీద ఒక్క మాట పెట్టలేదు. నన్నింక ఇంట్లో మనిషి కింద అనుకోట్లేదావిడ. అలాంటప్పుడు నేనెందుకు ఈ పొయ్యి దగ్గర’ అన్నారండి.”

నేను బీరకాయ చెక్కులు ఒకచోట పోగుచేశాను.

“మీరొక్క మాటంటే ఆగిపోతారండి. ఏదో ఒకటి. ఉప్పు డబ్బాకి మూత పెట్టట్లేదని అనండి. నిజంగానే పెట్టట్లేదు కూడా.”

“నాకు కోపం రావట్లేదు” అన్నాను.

“రాకపోయినా అనండి.”

అది నాకు చేత కాదు. లేని అంకె వేసి మొత్తం సరిపెట్టడం నాకు ఎప్పుడూ చేత కాలేదు. గదిలోకి వెళ్ళి ఆలోచించాను. ఎనిమిది మందిలో ముగ్గురు వెళ్తే అయిదుగురం. ఏడున్నరకి అటు ముగ్గురు, ఇటు అయిదుగురు కూర్చుంటారు. ఇటు అయిదుగురిలో నేను మాట్లాడను, అత్తగారు వినరు. అంటే ముగ్గురు. నా మీద ఎవరూ మనవి పెట్టరు. కోడలు పెట్టదు, కొడుకు పెట్టడు, వాళ్ళకి నేనంటే జాలి. నా వేళ్ళ గురించి ఇంక ఎవరూ దేవుడికి చెప్పరు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. నొప్పి కాదు. చలికాలం పొద్దున్నే తిమ్మిరెక్కిన కాలు నేల మీద పెట్టినప్పుడు, ఉన్నదని తెలుస్తుంది చూడండి, అంత.

పదిహేడో తారీఖున మామగారి నియమం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళాను. మా తోటికోడలు ఆ ఎనభయ్యో కుర్చీలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేచింది.

“నాకు నీ మీద ఏ కోపమూ లేదు” అన్నాను.

“అదేనండక్కయ్యగారూ నా బాధ” అంది, చేటలోకి చూస్తూ.

అక్కడితో ఆ మాట అయిపోయింది.

ముప్పయ్యో తారీఖు శనివారం. మర్నాడు గుడి నుంచి రాగానే ఒకటో తారీఖు వంట అటువైపు మొదలవుతుంది. ఆ సాయంత్రం కోసం నేను ఒక వాక్యం రాసిపెట్టుకున్నాను. కొత్త పాఠానికి ముందు రాసుకునేదాన్ని, అలా. “నా తోటికోడలిని ఈ పొయ్యి దగ్గరే ఉంచుము.” ఆరు మాటలు. నాలుగుసార్లు చదువుకున్నాను.

ఆమె ఆ రోజు చేపల పులుసు పెట్టింది. ఏడున్నరకి చాప వేశారు. మనవరాలు పరీక్ష గురించి చెప్పింది. మరిది కొడుకు చెరువులో రొయ్యల గురించి చెప్పాడు. మా కోడలు, “అందరి హృదయములు నీ చేతిలో ఉన్నవి” అని ఆగి, ముక్కు తుడుచుకుంది. మా అబ్బాయి దగ్గాడు, అంతే. మా తోటికోడలు, “ఇన్నేళ్ళు ఒకే కుండలో అన్నం పెట్టినందుకు స్తోత్రం ప్రభువా” అంది. అది మనవి కాదు. దాన్ని ఏ గడిలో రాయాలో నాకు తెలియలేదు.

నా వంతు. ఆరు మాటలూ గుర్తున్నాయి. మొదటి మాట కూడా నోట్లోకి రాలేదు. పక్కన ఆమె ఊపిరి వినపడుతోంది. నేను ఎంతసేపు ఊరుకున్నానో తెలియదు. గడియారం నా వెనక గోడకి ఉంది.

“ఆమేన్” అన్నారు అత్తగారు.

మా మరిది ముగింపుకి గొంతు సవరించుకున్నారు. అప్పుడు నా గది వైపు నుంచి చప్పుడు. సన్‌షేడు మీద ధారగా నీళ్ళు.

“ఇంకా అవ్వలేదండి” అన్నాను అత్తగారితో. గట్టిగానే అన్నట్టున్నాను, ఆవిడ కూడా తల తిప్పారు.

“ప్రభువా, మోటారు” అన్నాను.

అందరూ కళ్ళు తెరిచినట్టు నాకు కళ్ళు మూసుకునే తెలిసింది.

“ఏ మోటారక్కయ్యా?” అంది మా తోటికోడలు, గొంతు తగ్గించి.

“నీతో కాదు, ఆయనతో చెబుతున్నాను. ప్రభువా, ఇది నూట ముప్పై రెండోది. మధ్యలో మూడుసార్లు కావాలని వదిలిందట. అవి ఈ లెక్కలో వెయ్యలేదు. కావాలని వదిలినవి మరుపు కింద రావు. ఉప్పు డబ్బాకి మూత పెట్టట్లేదని మా కోడలు చెప్పింది, నేను చూళ్ళేదు, చూసి చెబుతాను. దండెం మీద నా చీరల పక్కన తడి తువ్వాళ్ళు...”

“అక్కయ్యగారూ, ఆగండాగండి. ముందు కట్టేసి వస్తాను. మిగతాయి నేనొచ్చేక చెప్పండి!”

ఆమె లేచి పరిగెత్తింది. అరవై దాటిన మనిషి. గుమ్మం దాటగానే వరండాలోని పొయ్యి పెట్టెకి మోకాలు తగిలిన చప్పుడు వినపడింది. మేం ఏడుగురం చాప మీద అలాగే కూర్చుని ఆగాం. మోటారు ఆగింది. సన్‌షేడు మీద ధార సన్నబడి చుక్కలైంది. ఆమె తడికాళ్ళతో వచ్చి నా పక్కన కూర్చుని, కొంగు సర్దుకుని, కళ్ళు మూసుకుంది.

“ఆయ్, ఇప్పుడు చెప్పండి.”

మా మరిది కొడుకు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మా తోటికోడలు నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే నా మోచెయ్యి పట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. తడి తువ్వాళ్ళ సంగతి పూర్తి చేశాను. తర్వాత తలుపు గొళ్ళెం సంగతి, పెరుగు గిన్నె సంగతి చెప్పాను. పద్నాలుగు నెలలుగా కళ్ళు చూసినవి ఎక్కడో పేరుకునే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఏ ఒక్కదానికీ ఆమె అడ్డు చెప్పలేదు. ప్రతిదానికీ “ఆయ్, ఆయ్” అంటూనే ఉంది.

ముగింపులో మా మరిది చిరునామాలు ఏమీ చెప్పలేదు. “తండ్రీ, తొమ్మిదో తారీఖున మేము పంపిన మనవిని విప్పకుండా తిరుగు టపాలో మాకే పంపించివేయుము” అన్నారు.

“ఆమేన్” అన్నారు అత్తగారు. ఈసారి వేళకే.

అన్నాలయ్యాక పుస్తకం తీశాను. ‘వేరే పొయ్యి’ పక్కన టిక్కు పెట్టలేదు. ‘వెనక్కి’ అని రాశాను. ‘అక్కయ్యగారి నోరు తెరువుము’ అన్నవి వెతికి, అరవై ఒకటికీ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి అదే తారీఖు వేశాను. ఒక్కదానికి పెడితే చాలదా అని మా కోడలు అడిగింది. మా తోటికోడలు అరవై ఒక్కసార్లు అడిగింది కదా. పెడుతున్నప్పుడు ఏమీ అనిపించలేదు. వేళ్ళు నొప్పి పుట్టాయి.

మర్నాడు గుడికి వెళ్ళే ముందు మా తోటికోడలు పాత పొయ్యి మీదే ఉప్మా చేసింది. గాజు పొయ్యి పెట్టె వరండాలో అలాగే ఉంది, దాని మీద మనవరాలి చెప్పులు ఉన్నాయి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. బాగా ఎక్కువైంది. నాలుకకి తెలిసింది.

ఎదురుగా ఆమె గరిటె పట్టుకుని నిలబడి నేను తినడమే చూస్తోంది. ఇంకో ముద్ద తిన్నాను. ఉప్పు మాట సాయంత్రానికి అట్టేపెట్టుకున్నాను.